పాత కారులో యాక్సిలరేటర్ పట్టేస్తోందా? లోపం ఏ సగంలో ఉందో ముందు తేల్చుకోండి

కాలు తీసినా యాక్సిలరేటర్ పైకి రాకపోతే ఆ రెండు మూడు సెకన్లు ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. మా నాన్నగారి 1997 మోడల్ మారుతి 800లో నాకది చౌటుప్పల్ దాటాక, విజయవాడ హైవే మీద ఎదురైంది. లారీని దాటడానికి గట్టిగా తొక్కాను. దాటాక కాలు తీశాను. ఇంజన్ మోత మాత్రం తగ్గలేదు.

అందుకే రిపేరు సంగతికి ముందు రోడ్డు మీద ఏం చేయాలో చెబుతాను. క్లచ్ పూర్తిగా తొక్కి గేరు న్యూట్రల్‌లో వేయండి. ఇంజన్ పెద్దగా అరుస్తుంది, అరవనివ్వండి. ఇంజన్ పాడైతే బాగుచేయించుకోవచ్చు. బ్రేకు ఒకే పట్టున గట్టిగా తొక్కి ఉంచండి. తొక్కుతూ వదులుతూ ఉంటే బూస్టర్ (బ్రేకు తొక్కడం తేలిక చేసే భాగం) ఉన్న కార్లలో బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది, ఎందుకంటే థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలోని పలక) తెరుచుకుని ఉన్నంతసేపూ బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ మళ్లీ సరిగా తయారవదు. పక్కకు తీసి, బండి ఆగాక ఇంజన్ ఆపండి. కదులుతుండగా తాళంచెవి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. చేత్తో పెడల్ లాగుదామని కిందికి మాత్రం వంగకండి. కారణం తెలిసేదాకా ఆ బండిని మళ్లీ నడపకండి, ఇంటిదాకా కూడా.

మొదటి పని: మ్యాట్ తీయడం

ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది కానీ చాలాసార్లు దొంగ ఇదే. అసలు మ్యాట్ మీద ఇంకో మందపాటి మ్యాట్ వేస్తాం, అది నెమ్మదిగా ముందుకు జరిగి పెడల్ కింది అంచును పట్టుకుంటుంది. 2009లో అమెరికాలో టయోటా దాదాపు 38 లక్షల కార్ల యజమానులను డ్రైవర్ వైపు మ్యాట్ తీసేయమని హెచ్చరించింది, సరిగ్గా ఈ భయంతోనే. మ్యాట్ తీశాక టార్చి వేసి పెడల్ వెనక కూడా చూడండి. పెన్ను మూత, రాయి, పిల్లల బొమ్మ ముక్క, ఏదైనా ఉండొచ్చు.

రెండో పని: కేబుల్ విప్పడం

నన్నడిగితే అసలు పరీక్ష ఇదొక్కటే. చాలామంది దీన్ని వదిలేసి కనబడ్డ ప్రతి కీలు మీదా నూనె పోసేస్తారు. ఇంజన్ ఆపి, చల్లారాక బానెట్ ఎత్తండి. కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపే భాగం) దగ్గర, ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే) బండి అయితే థ్రాటిల్ బాడీ దగ్గర, యాక్సిలరేటర్ కేబుల్ చివర తగిలించిన చోటును విప్పండి. ఇప్పుడు థ్రాటిల్ లీవర్‌ను వేలితో పూర్తిగా తిప్పి వదలండి. టక్కున వెనక్కి వచ్చి కొట్టుకుంటే ఆ సగం బాగున్నట్టే, లోపం కేబుల్‌లోనో పెడల్‌లోనో ఉంది. బద్ధకంగా వచ్చినా, మధ్యలో ఆగినా లోపం ఇంజన్ వైపే. పెడల్ జోలికి పోనక్కర్లేదు.

పెడల్‌కు కేబుల్ లేకుండా సెన్సర్ మాత్రమే ఉన్న కార్లకు ఈ పరీక్ష పనికిరాదు. వాటిని స్కానర్ పెట్టి చూసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి.

పెడల్ బరువుగా ఉండి, నెమ్మదిగా పైకి వస్తుంటే

ఇది కేబుల్ జబ్బు. మా బండిలో అదే. అంతకు వారం ముందు ఒక షెడ్డులో చూపిస్తే పెడల్ కీలులో నాలుగు చుక్కల నూనె వేసి పంపారు. రెండు రోజులు బాగానే ఉంది. హైవే సంఘటన తర్వాత నేనే కేబుల్ విప్పి, లోపలి తీగను వేళ్ల మధ్య పెట్టి జరుపుతూ పోయాను. పెడల్ వైపు చివరి నుంచి రెండంగుళాల దూరంలో చూపుడు వేలికి సూదిలా గుచ్చుకుంది. పేనిన తీగలో ఒక పోగు తెగి, వెంట్రుకలా పైకి లేచి ఉంది. కొంచెం తొక్కినప్పుడు దాంతో ఇబ్బంది లేదు. గట్టిగా తొక్కితే ఆ పోగు తొడుగు మూతి దాటి బయటికి వచ్చి, తిరిగి లోపలికి పోకుండా అడ్డం పడుతోంది. ఆ దెబ్బకు థ్రాటిల్ తెరుచుకునే ఉండిపోతోంది.

ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చేయండి. తెగిన పోగును కత్తిరించి వాడుకుందాం అనుకోవద్దు, మిగతావి కూడా అదే దారిలో ఉంటాయి. తుప్పు పట్టినా అంతే. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కేబుల్‌లో గ్రీజు కూరితే దుమ్ము పట్టి ముద్దవుతుంది. కొత్తది వేసేటప్పుడు పాతది ఏ దారిలో ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకుని అదే దారిలో పెట్టండి. ఎక్కడా చురుగ్గా వంగకూడదు, ఎగ్జాస్ట్‌కు ఆనకూడదు. ఇంజన్ వేడెక్కాకే పట్టేస్తోందంటే తొడుగు ఎక్కడైనా కరిగిందేమో వెతకండి. ఆఖర్న బిగించేటప్పుడు కొద్దిగా వదులు ఉంచాలి. పెడల్ పూర్తిగా తొక్కితే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవాలి, వదిలితే కేబుల్ మీద బిగువు ఉండకూడదు.

కేబుల్ విప్పినా పెడలే బరువుగా ఉంటే దాని కీలు తుప్పు పట్టినట్టు. వానాకాలం తడి బూట్లతో నడిపే బండ్లలో ఇది మామూలే. పిన్ను తీసి, శుభ్రం చేసి, పలచగా గ్రీజు పూస్తే సరిపోతుంది.

మొదట కదలక, తర్వాత ఒక్క ఊపుతో కదులుతుంటే

సిగ్నల్ దగ్గర బండి తీసేటప్పుడు పెడల్ మొరాయించి, ఠక్కున లోపలికి పోయి బండి ముందుకు దూకుతుంది. ఎంపీఎఫ్ఐ బండ్లలో ఇది ఎక్కువ. థ్రాటిల్ పలక చుట్టూ జిగురు మసి పేరుకుని గోడకు అంటుకుంటోందన్నమాట. గాలి గొట్టం తీసి, థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి, పలక అంచూ ఇరుసూ తుడవండి. బ్లేడుతోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకొద్దు. పలక ఆగే చోటున్న చిన్న స్క్రూను ముట్టుకోవద్దు, అది కదిలితే ఐడ్లింగ్ (పెడల్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) మొత్తం తప్పుతుంది.

పెడల్ పైకి వచ్చినా ఇంజన్ రేసు తగ్గకపోతే

కార్బురేటర్ బండి అయితే ముందు చోక్ నాబ్ పూర్తిగా లోపలికి ఉందో లేదో చూడండి. చోక్ కేబుల్ ఇరుక్కున్నా ఇదే లక్షణం. తర్వాత రిటర్న్ స్ప్రింగు, అంటే థ్రాటిల్‌ను వెనక్కి లాగి మూసేది. సాగిందో, ఊడిందో, ఎవరైనా వేరే స్ప్రింగు తగిలించారో తెలుస్తుంది. ఈ స్ప్రింగు విషయంలో సర్దుబాట్లు వద్దు, ఆ మోడల్‌కు వచ్చేదే వేయాలి. సర్వీసింగ్ అయిన మర్నాడే మొదలైతే ఎయిర్ క్లీనర్ డబ్బా వంకరగా కూర్చుని లీవర్‌కు తగులుతోందేమో చూడండి.

క్లచ్ వదలగానే దానంతట అదే రేసు పెరిగి బండి కుదుపులతో పోతుంటే ఇంజన్ మౌంటింగులు (ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూపించండి. రబ్బరు చిరిగితే ఇంజన్ ఒక పక్కకు ఒరిగి కేబుల్‌ను తనే లాగేస్తుంది. పెడల్ దగ్గర ఎంత వెతికినా ఈ లోపం దొరకదు.

రిపేరు ఏదైనా, బండి కదిలించే ముందు ఇంజన్ ఆపి పెడల్‌ను చివరిదాకా ఇరవై సార్లు తొక్కి వదలండి, నెమ్మదిగా కొన్నిసార్లు, ఠక్కున కొన్నిసార్లు. తర్వాత న్యూట్రల్‌లో ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, మళ్లీ అంతే చేయండి. రెండుసార్లూ పెడల్ వెంటనే పైకి వస్తేనే మ్యాట్ తిరిగి వేయండి, అదీ ఒక్కటే, వెనక్కి లాగి క్లిప్పు పెట్టి.