కౌంటీ ఫెయిర్‌కి మొదటిసారి ఎంట్రీ పెడుతున్న హోమ్‌స్కూల్ అమ్మానాన్నలకు

అమెరికాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) ఫెయిర్ల సీజన్ దగ్గరపడుతోంది. ఇంట్లో చేసినవి, పండించినవి, పెంచిన జంతువులు పోటీకి పెట్టే జాతర్లు ఇవి. పిల్లల చేత ఏదైనా పెట్టించాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

• ఎంట్రీ గడువు, వస్తువు అప్పగించే రోజు వేరువేరు. నమోదు చాలాచోట్ల వారాల ముందే ముగుస్తుంది. అది దాటితే ఎంత బాగా చేసినా తీసుకోరు. మేక, కుందేలు లాంటివైతే ఇంకా ముందే మేలుకోవాలి. ఫలానా తేదీకల్లా ఆ జంతువు పిల్లల సొంతమై ఉండాలని సాధారణంగా నిబంధన ఉంటుంది.

• ఫోర్-హెచ్ (పిల్లల, యువత క్లబ్బుల సంస్థ) విభాగమా, ఓపెన్ క్లాసా (ఎవరైనా పెట్టగల విభాగం)? మొదటిదానికి ముందుగా సభ్యత్వం కావాలి, వయసు సాధారణంగా 8 నుంచి 18. రెండోదానికి సభ్యత్వం అక్కర్లేదు, మొదటిసారికి అదే హాయి.

• స్కూల్ పేరు అడిగే విభాగమైతే ఏం రాయాలో ఫెయిర్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి.

• ప్రీమియం బుక్‌లో (ఫెయిర్ విభాగాలు, నియమాలు, బహుమతులు ఉండే పుస్తకం) మీ విభాగం నియమాలు అక్షరం వదలకుండా చదవండి. నాలుగు కుకీలంటే నాలుగే. ఐదోది పెడితే ఎంట్రీ పక్కన పెట్టేయొచ్చు.

• ఆవకాయ పెడదామని సరదా పడకండి. అక్కడి పికిల్స్ విభాగంలో సాధారణంగా పరీక్షించిన రెసిపీతో చేసి, మరిగే నీళ్లలో ఉంచి సీల్ చేసిన సీసాలే కావాలి.

• కూరగాయల్లో భారీ సైజు కన్నా అన్నీ ఒకేలా ఉండటం ముఖ్యం.

• క్లెయిమ్ ట్యాగ్ (వస్తువు అప్పగించినప్పుడు ఇచ్చే చీటీ, తిరిగి తీసుకోవడానికి కావాలి) భద్రం. ఫెయిర్ ముగిసేదాకా సాధారణంగా వస్తువులు తిరిగివ్వరు, అందుకే ఆ తర్వాతి రోజుకి ఇండియా టికెట్లు కొనకండి.