అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు ఎర్తింగ్ ఎలా చూసుకోవాలి?

ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు నల్లా తిప్పి చూస్తారు, కప్‌బోర్డులు తెరుస్తారు, వాస్తు చూస్తారు, ఫోన్ సిగ్నల్ కూడా చూస్తారు. ప్లగ్గు పెట్టే మూడు కన్నాల్లో పైనున్న పెద్ద కన్నం వెనక అసలు వైరు ఉందా లేదా అని మాత్రం చూడరు. ఆ వైరే ఎర్తు, వస్తువులో లీకైన కరెంటుని భూమిలోకి పంపేది. దిగిన నెలకి గీజర్ ఆన్‌లో ఉండగా నల్లా ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి 'కొంచెం లీకేజీ ఉందండి, చెప్పులేసుకుని స్నానం చేయండి' అని చెప్పి వెళ్లిపోతాడు. ఆ సలహా వినకండి. ఆ జిల్లుమనడమే ఎర్తు లేదని ఇల్లు మీకు చెబుతున్న మాట. తడి ఒంటితో ఉన్నప్పుడు అదే కరెంటు ప్రాణం తీస్తుంది.

ఇదంతా అడ్వాన్సు ఇచ్చేముందే చూడాలి. డబ్బు చేతులు మారాక ఓనర్‌కి తొందర ఉండదు.

వెంట తీసుకెళ్లాల్సినవి

మూడు లైట్లతో పాటు ఆర్‌సీడీ బటన్ (లీకేజీకి కట్ అయ్యే స్విచ్చుని, అంటే కింద చెప్పే ఆర్‌సీసీబీని, పరీక్షించేది) కూడా ఉన్న సాకెట్ టెస్టరు. కొన్ని వందల రూపాయలకు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. బటన్ లేనిది కొనకండి, దానితో సగం పనే అవుతుంది. ఒక ఇస్త్రీ పెట్టె, ఒక టార్చి. అంతే. పగటి పూట, కరెంటు ఉన్నప్పుడు వెళ్లండి. ఖాళీ ఫ్లాటు కదా అని మెయిన్ ఆపేసి ఉంటే వేయించండి. వేయడానికి ఓనర్ ఒప్పుకోకపోతే ఆ ఇల్లు చూసినట్టు లెక్క కాదు.

ముందు బయట, పది నిమిషాలు

కింది అంతస్తులో ఏముందో కళ్లారా చూడండి. 2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లి దగ్గర బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు కనీసం 9 మంది చనిపోయారు. డ్రమ్ములు, థిన్నర్ డబ్బాలు, ఫోమ్ షీట్లు, షట్టర్ వేసిన గోడౌన్, వీటిలో ఏది కనిపించినా వెనక్కి తిరగండి. అద్దె తక్కువ అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మెట్లు ఎక్కి చూడండి, లిఫ్టులో వెళ్లొద్దు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయిన ఇంటికి లోపలికీ బయటికీ ఇరుకైన దారి ఒక్కటే. మెట్ల మీద సైకిళ్లు, చెప్పుల స్టాండ్లు, పాత సామాన్లు ఉన్నాయా, మెట్ల కిందే స్కూటర్లకు చార్జింగ్ పెడుతున్నారా చూసుకోండి. కిటికీలన్నిటికీ కదలని గ్రిల్లే ఉంటే ఒక్కదానికైనా లోపల్నుంచి తెరుచుకునే తలుపు పెట్టించమని అడగాలి.

బాల్కనీ ఎదురుగా 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్ పోతుంటే దూరం చూడండి. గోడ నుంచి పక్కకి కనీసం 1.2 మీటర్లు, మేడ మీద నుంచి పైకి 3.7 మీటర్లు ఉండాలని నిబంధన. తర్వాత బయటికి పెంచి కట్టిన బాల్కనీల దగ్గర ఈ దూరం మిగలదు. అక్కడ ఇనప రాడ్డు మీద బట్టలు ఆరేయడం, తడి మాప్ కర్ర దులపడం చాలా ప్రమాదం.

డీబీ పెట్టె తెరవండి

తలుపు పక్కన గోడలో ఉండే పెట్టె ఇది. అందులో వరసగా ఎంసీబీలు, అంటే కరెంటు మరీ ఎక్కువైతే వాటంతటవే కట్ అయ్యే స్విచ్చులు, కనిపిస్తాయి. 'అన్నీ ఎంసీబీలేనండి, భయం లేదు' అంటారు. అక్కడే పొరపాటు. ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. లెక్క చూడండి: తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టులకు ఒంట్లోంచి పోయేది 0.23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది తెలియనైనా తెలియదు. మనిషికి 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు బిగుసుకుని చెయ్యి విడవదు. ఇక్కడ పోతున్నది 230.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఎంసీబీ కన్నా వెడల్పుగా ఉంటుంది, మీద 'టి' అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. ఫేజులో (కరెంటు తెచ్చే వైరు) ఎంత కరెంటు పోయిందో న్యూట్రల్లో (తిరిగి తీసుకెళ్లే వైరు) అంతే తిరిగి వచ్చిందా అని అది ఎప్పుడూ చూసుకుంటూ ఉంటుంది. తేడా వస్తే కట్. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉండాలి. 100, 300 అని ఉన్నవి అగ్నిప్రమాదం ఆపడానికి, మనిషికి పనికిరావు.

ముందు 'టి' నొక్కండి. టక్కుమని పడాలి. పడకపోతే అది బొమ్మ. తర్వాత చాలామంది చేయని పని ఒకటి: ఆర్‌సీసీబీని చేత్తో కిందికి దించి, ఇల్లంతా తిరిగి ప్రతి స్విచ్చూ వేసి చూడండి. ఎక్కడైనా లైటు వెలిగినా, ఫ్యాను తిరిగినా ఆ లైన్ ఆర్‌సీసీబీని తప్పించి వేశారన్నమాట. ఇన్వర్టర్ పెట్టిన ఇళ్లలో ఇది మామూలు. ఇన్వర్టర్ న్యూట్రలునీ, ఇంటి న్యూట్రలునీ కలిపేస్తారు, లెక్క తప్పి ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతుంది, 'ఊరికే పడిపోతోందండి' అని దాన్ని పక్కన పెట్టి వైరు కలిపేస్తారు. పెట్టెలో అది కనిపిస్తూనే ఉంటుంది. పని మాత్రం చేయదు. లైట్లు, ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద వెలిగితే సర్దుకోవచ్చు. గీజర్, వాషింగ్ మెషిన్, వంటింటి సాకెట్లు మాత్రం తప్పకుండా ఆర్‌సీసీబీ కిందే ఉండాలి.

సాకెట్లో ఎర్తు: తొందరపడకూడని మెట్టు

టెస్టరు స్క్రూడ్రైవర్ ఎర్తు కన్నంలో పెట్టి, వెలగలేదు కాబట్టి ఎర్తు బాగుంది అనేవాళ్లు చాలామంది. అది తప్పు. వైరే లేని కన్నంలో కూడా టెస్టరు వెలగదు. ఆ పరీక్షలో ఎర్తు ఉన్న ఇల్లూ, లేని ఇల్లూ ఒకేలా కనిపిస్తాయి. దాన్ని ఇంట్లోనే వదిలేసి రండి.

మొదట ఇంట్లో ప్లగ్గులన్నీ తీయించండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, అన్నీ. గీజర్ స్విచ్ ఆపించండి. తర్వాత చెప్పే పరీక్ష జరుగుతున్నంతసేపూ ఇనుముతో ఉన్న ఏ వస్తువునీ, గీజర్‌నీ, నల్లానీ ఎవరూ ముట్టుకోకూడదు. పిల్లలు వెంట ఉంటే బయట కూర్చోబెట్టండి. కారణం వినండి. ఆర్‌సీడీ బటన్ నొక్కితే టెస్టరు ఫేజు నుంచి కొద్దిపాటి కరెంటుని ఎర్తు వైరులోకి పంపుతుంది. ఎర్తు నిజంగా భూమిలోకి పోతే ఆర్‌సీసీబీ క్షణంలో పడి కథ ముగుస్తుంది. ఎర్తు వైరు ఎక్కడో తెగి వేలాడుతుంటే మాత్రం ఆ కరెంటుకి పోవడానికి దారి ఉండదు, ఆ వైరుకి తగిలిన ప్రతి వస్తువు ఒంటి మీదకీ వోల్టేజీ ఎక్కి కూర్చుంటుంది. బటన్ వదలగానే పోతుంది. కానీ ఆ రెండు సెకన్లలో ఎవరి చెయ్యీ తగలకూడదు.

ఇప్పుడు సాకెట్ టెస్టరు పెట్టి లైట్లు చూడండి. దాని మీదే పట్టిక ముద్రించి ఉంటుంది. ఎర్తు లేదు అని చూపిస్తే అక్కడితో తేలిపోయింది. అంతా సరే అని చూపిస్తే సంబరపడకండి, అసలు మోసం అక్కడే దాగి ఉంటుంది.

ఎర్తు వైరు లాగని ఇంట్లో సాకెట్ విప్పి, న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్తు స్క్రూకి రెండంగుళాల వైరు ముక్క కలిపేస్తారు. టెస్టరుకి అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ఎలక్ట్రీషియన్ వోల్టేజీ కొలిచే మీటరు కూడా ఫేజుకీ ఎర్తుకీ మధ్య నిండా 230 చూపిస్తుంది. ఇల్లు చూపించే బ్రోకరు సంతోషిస్తాడు. ఆ వైరు ముక్క చేసే పని మాత్రం ఇది: ఎప్పుడైనా ఆ సాకెట్ వెనక న్యూట్రల్ వదులై ఊడిందనుకోండి, ఇస్త్రీ పెట్టెలోంచీ, ఫ్రిజ్‌లోంచీ తిరిగి రావాల్సిన కరెంటు ఆ ముక్క గుండా వస్తువు ఒంటి మీదకు వస్తుంది. ఫ్రిజ్ హ్యాండిల్ 230 వోల్టులతో ఎదురుచూస్తుంటుంది. ఎర్తు అసలు లేకపోవడం కన్నా ఇది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే వస్తువులో ఏ లోపమూ అక్కర్లేదు. ఒక స్క్రూ వదులైతే చాలు.

దీన్ని పట్టుకునేది ఆర్‌సీడీ బటనే. నొక్కండి. కింద మూడే సంగతులు జరుగుతాయి.

ఆర్‌సీసీబీ పడింది: ఆ సాకెట్‌కి ఎర్తు ఉంది. పైకెత్తి, తర్వాతి సాకెట్‌కి వెళ్లండి. వంటింట్లోవి, గీజర్‌ది, వాషింగ్ మెషిన్‌ది, ఏసీది, ఒక్కటీ వదలకుండా చూడాలి. హాల్లో ఒకటి చూసి ఇల్లంతా బాగుందనుకోవద్దు. ఒక్కో బోర్డుకి ఒక్కో కథ ఉంటుంది.

'టి' నొక్కితే పడింది, సాకెట్లో బటన్ నొక్కితే పడలేదు: ఎర్తు తెగిందైనా అయి ఉండాలి, న్యూట్రల్‌తో కలిపిందైనా అయి ఉండాలి. లైట్లు 'సరే' అని చూపించి కూడా పడకపోతే ఎక్కువగా రెండోదే. ఆ సాకెట్‌ని మెయిన్ ఆపి విప్పించి చూడాలి. ఆపకుండా విప్పుతానన్న ఎలక్ట్రీషియన్‌ని పంపేయండి.

అసలు ఆర్‌సీసీబీయే లేదు: అప్పుడీ బటన్ ఏమీ చెప్పదు. వోల్టేజీ మీటరుతో చూడాలి. అది మీరు చేయకండి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించి అంకెలు మీరు చదవండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 దగ్గర నిలకడగా ఉండాలి. 60, 90, 120 అని ఊగుతుంటే ఆ వైరు గాల్లో వేలాడుతోంది, పక్క వైర్ల ప్రభావం వల్ల మీటరుకి ఏదో కనిపిస్తోందంతే. తర్వాత అదే బోర్డులో మరో సాకెట్‌కి మీ ఇస్త్రీ పెట్టె పెట్టి వేడెక్కుతుండగా న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య చూడమనండి. కరెంటు పోతున్నప్పుడు న్యూట్రల్ మీద 1 నుంచి 3 వోల్టుల తేడా రావడం సహజం. ఇస్త్రీ పెట్టె నడుస్తున్నా కచ్చితంగా 0.0 దగ్గరే కదలకుండా ఉంటే రెండూ కలిపేశారని అనుమానించి విప్పించండి. 5 దాటితే ఎక్కడో న్యూట్రల్ వదులుగా ఉంది, అదీ మంచిది కాదు. ఈ ఇస్త్రీ పెట్టె సంగతి వదిలేసి ఖాళీ సాకెట్ మీద 0.0 చూసి 'బ్రహ్మాండం' అనే ఎలక్ట్రీషియన్ పరీక్ష చేసినట్టు కాదు. లోడు లేనప్పుడు మంచి ఎర్తు కూడా సున్నాకి దగ్గరగానే చూపిస్తుంది, దొంగ ఎర్తూ సున్నాయే చూపిస్తుంది.

'ఎర్తు నల్లా పైపుకి కలిపాం సార్' అన్న మాట వింటే కూడా ఆ ఇల్లు వద్దు. ఒకప్పటి ఇనప పైపుల రోజుల్లో కూడా అది తప్పే, మీ గీజర్ లోపం పక్క ఫ్లాటు వాళ్ల షవర్‌లోకి పోయేది. ఇప్పటివి సీపీవీసీ పైపులు, కరెంటు వాటి గుండా భూమిలోకి పోనే పోదు.

ఇల్లు బాగుండి కూడా ఎర్తు గుంట (ఎర్తు వైరు చివరికి భూమిలో కలిసే చోటు) బాగోకపోవచ్చు. మీటర్ల బోర్డు నుంచి భూమిలోకి దిగే ఇనప పట్టీని టార్చి వేసి చూడండి. తుప్పు పట్టి తెగిపోయి, రంగు వేసి కప్పేసినవి ఉంటాయి. హైదరాబాద్ లాంటి రాతి నేలలో వేసవిలో గుంట ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంటకి ఎండల్లో నీళ్లు పోసే పని ఎవరిదని వాచ్‌మన్‌ని అడగండి. నీళ్లు పోసే మూత ఎక్కడుందో అతనికి తెలియకపోతే ఏళ్ల తరబడి ఎవరూ పోయలేదన్నమాట.

మేడ మీద పెంట్‌హౌస్ అద్దెకు తీసుకునేవాళ్లు ఈ సాకెట్ల పరీక్ష రెండుసార్లు చేయాలి. అనుమతి లేకుండా తర్వాత కట్టినవే ఎక్కువ. కింది ఫ్లాటు నుంచి రెండు వైర్లు లాగి సరిపెడతారు, మూడోది మర్చిపోతారు.

బాత్‌రూమ్

గీజర్‌కి 16 ఆంపియర్ల సాకెట్, 4 స్క్వేర్ ఎంఎం వైరు, ఫేజూ న్యూట్రలూ రెండూ కట్ చేసే డబుల్ పోల్ స్విచ్ ఉండాలి. స్విచ్ బాత్‌రూమ్ బయట. గీజర్ కింద సేఫ్టీ వాల్వ్ కారుతోందని ఎంసీల్ పెట్టి మూసేసి ఉంటే గీజర్ మార్పించండి, లోపలి ఒత్తిడికి పోయే దారి లేక ట్యాంకు పగులుతుంది. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే తీయించాకే దిగండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు.

ఓనర్‌తో మాట్లాడేటప్పుడు

'ఎర్తింగ్ చూసుకోండి' అని గాలికి చెప్పకండి. ఏ సాకెట్లో ఏం చూశారో కాగితం మీద రాసి ఫొటోలతో పంపండి. వంటిల్లు, బాత్‌రూమ్ లైన్లకి ఆకుపచ్చ ఎర్తు వైరు లాగించాలి. గీజర్‌కి 4, మామూలు సాకెట్లకి 1.5 స్క్వేర్ ఎంఎం. 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల డబుల్ పోల్ ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఆర్‌సీసీబీ ఖరీదు ఒక నెల అద్దెలో చిన్న ముక్క. ఖర్చు సగం మీరు పెట్టుకుంటామని ముందే అనకండి, గోడలోని వైరు ఆయన ఆస్తి. పని ఏ తేదీలోగా పూర్తవుతుందో 11 నెలల అగ్రిమెంటులోనే ఒక వాక్యంగా రాయించండి. నోటిమాట మీద దిగొద్దు.

ఎర్తు లేకపోయినా ఆర్‌సీసీబీ ఉంటే చాలదా అని ఓనర్లు వాదిస్తారు. అది కూడా పని చేస్తుంది, కానీ కరెంటు మనిషిలోంచి పోవడం మొదలయ్యాక. ఎర్తు ఉంటే గీజర్‌లో లోపం పుట్టిన నిమిషానే పడుతుంది, అప్పటికి బాత్‌రూమ్‌లో ఎవరూ ఉండకపోవచ్చు. అందుకే రెండూ కావాలి.

మీటరు వరకు వచ్చే లైన్లో వోల్టేజీ ఊగుతున్నా, న్యూట్రల్ పోయినట్టు లైట్లు ఒక గదిలో మసకగా, మరో గదిలో ధగధగా వెలుగుతున్నా మెయిన్ ఆపి 1912కి ఫోన్ చేయండి. అది విద్యుత్ సంస్థ చూడాల్సిన పని. దిగిన రోజు సామాను సర్దేముందు టెస్టరుతో ఇంకోసారి చుట్టి రండి, ఎందుకంటే రంగులు వేసేవాళ్లు బోర్డులు విప్పి బిగిస్తారు, బిగించేటప్పుడు ఎర్తు స్క్రూ వదిలేస్తారు. ఆ తర్వాత నెలకోసారి 'టి' బటన్.