కాలనీ పార్కులో లీష్ లేని కుక్క: ఏ గొడవకు ఏది మందు

హైదరాబాద్‌లో కుక్కను పెంచుకునేవాళ్లకు చోటు తక్కువ. కేబీఆర్ పార్కు నేషనల్ పార్కు కాబట్టి లోపలికి పెంపుడు జంతువులను రానివ్వరు. మిగిలింది ఒక గేటు, ఒక వాకింగ్ ట్రాక్, రెండు ఊయలలు ఉన్న కాలనీ పార్కు. పొద్దున పెద్దవాళ్లు, పిల్లలు, కుక్కలు అందరూ అక్కడికే ఒకే వేళకు చేరతారు. అంత ఇరుకులో లీష్ (కుక్కను పట్టుకుని నడిపించే తాడు) విప్పితే వచ్చే గొడవలు ఇవీ, వాటి వెనక కారణాలు ఇవీ.

పిలిస్తే రాదు

అన్నిటికీ మూలం ఇదే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

మనం చాలామంది కుక్కను ఇంటికి వెళ్లేటప్పుడే పిలుస్తాం. వచ్చిందంటే బెల్టుకు లీష్ తగిలించి గేటు వైపు లాక్కెళ్తాం. నాలుగు రోజుల్లో దానికి అర్థమైపోతుంది: పిలుపు వినబడిందంటే ఆట అయిపోయినట్టే. ఆలస్యంగా వచ్చినందుకు కొట్టినా తిట్టినా, వచ్చినందుకే దెబ్బలు పడ్డాయని అనుకుంటుంది. మర్నాడు ఇంకా దూరం పరుగెత్తుతుంది.

పది మీటర్ల పొడవున్న తాడు లాంటి లీష్ కొనండి. దాన్ని మెడబెల్టుకు కాకుండా హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి) కట్టండి, పరుగులో ఉన్నట్టుండి ఆగినా మెడ పట్టేయదు. ఆట మధ్యలో ఒక్కసారి పిలవండి. రాగానే ఉడికించిన చికెన్ ముక్క పెట్టి, మళ్లీ ఆటకు వదిలేయండి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు వెనక్కి పంపేయాలి. రాకపోతే పేరు పట్టుకుని అరుస్తూ ఉండకండి, దాని వెంట అసలే పరుగెత్తకండి. మీరు ఎదురు దిక్కుకు పరుగెత్తితే అదే వెంటబడి వస్తుంది. ముందు ఇంట్లో, తర్వాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఆ తర్వాత ఎవరూ లేని వేళ పార్కులో నేర్పాలి. డాబా మీద వచ్చింది కదా అని ఉడతల మధ్య కూడా వస్తుందనుకోకండి.

అంతా నేర్చుకున్నాక కూడా అందరూ తిరిగే పార్కులో లీష్ ఉండాల్సిందే అని నా గట్టి అభిప్రాయం. మీ కుక్క పిలిస్తే వస్తుందని మీకు తెలుసు, ఎదురుగా కర్ర పట్టుకుని నడుస్తున్న పెద్దాయనకు తెలియదు. స్వేచ్ఛగా పరుగెత్తించాలంటే జీహెచ్‌ఎంసీ 2018లో కొండాపూర్‌లో తెరిచిన డాగ్ పార్కు లాంటి కంచె ఉన్న చోటు చూసుకోవడం మేలు.

పిల్లల వెంట పడుతుంది

ఊయల దగ్గర పిల్లలు కేకలు వేస్తూ పరుగెత్తుతారు. కదిలేదాన్ని తరమడం కుక్క నైజం. చాలాసార్లు అది ఆటే, కానీ ముప్పై కిలోల లాబ్రడార్ ఆడుకుంటూ మీద పడినా ఐదేళ్ల పిల్ల కింద పడిపోతుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ తర్వాత ఈ ఊళ్లో తల్లిదండ్రులకు కుక్క దగ్గరికి వస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడకండి.

ఆట స్థలం వైపు కుక్కను తీసుకెళ్లకండి. వేరే దారి లేకపోతే లీష్ పొట్టిగా పట్టుకుని దాటించండి. ఇక పిల్లలకు నేర్పాల్సింది: కుక్క వస్తే పరుగెత్తకూడదు, అరవకూడదు, చేతులు కట్టుకుని నేల చూస్తూ కదలకుండా నిలబడాలి. కింద పడితే ముడుచుకుని మెడ, చెవులు చేతులతో కప్పుకోవాలి. ఇంట్లో ఆటలా రెండుమూడుసార్లు చేయిస్తే పిల్లలకు గుర్తుంటుంది.

లీష్‌తో ఉన్న కుక్క గుర్రుమంటుంది

వదిలేసిన కుక్క సూటిగా మీదికి వస్తుంటే, కట్టి ఉన్న కుక్కకు తప్పుకునే దారి ఉండదు. పైగా మనం టెన్షన్‌లో లీష్ బిగించి పట్టుకుంటాం, అది ఇంకా బెదిరిపోతుంది. చూసేవాళ్లకు మాత్రం గుర్రుమన్నదే చెడ్డ కుక్క. తప్పు వదిలేసినవాళ్లదే.

లీష్ కాస్త వదులు చేసి, పక్కకు వంపు తిరిగి వెళ్లిపోండి. వచ్చే కుక్క ముందు గుప్పెడు బిస్కెట్లు చల్లితే అది తినే లోపు దూరం దొరుకుతుంది. కొట్లాట మొదలైతే మధ్యలో చెయ్యి పెట్టకండి. నీళ్లు కొట్టండి, లేదా ఇద్దరు కలిసి ఒక్కొక్కరు ఒక్కో కుక్క వెనక కాళ్లు ఎత్తి వెనక్కి లాగండి.

పార్కులోని వీధికుక్కలు మీ కుక్క మీదికి వస్తాయి

అది వాటి ఇలాకా. గేటు దగ్గర ఎవరో అన్నం పోస్తుంటే కాపలా ఇంకా గట్టిగా ఉంటుంది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసిన కుక్కలను పట్టుకున్న చోటే వదలాలి. ఆహారం పెట్టే చోటును గేటుకు, పిల్లలు ఆడే చోటుకు దూరంగా చూపించే బాధ్యత కాలనీ అసోసియేషన్‌దే. ఆపరేషన్ అయినట్టు చెవి కొస కత్తిరించిన గుర్తు లేని కుక్క కనబడితే ఆపరేషన్ కోసం జీహెచ్‌ఎంసీకి చెప్పండి. మీ కుక్కను మాత్రం వదలకండి, ఒంటరిగా పరుగెత్తి గుంపులో చిక్కుకుంటుంది.

"ఏం చేయదండీ, మావాడు చాలా మంచోడు"

కుక్కను చెడ్డదన్నారని యజమాని అనుకుంటే మాట ముందుకు సాగదు. "సార్, మా అమ్మగారికి మోకాళ్ల ఆపరేషన్ అయింది, కాస్త లీష్ పెడతారా?" అని మన ఇబ్బంది చెబితే చాలామంది వింటారు. వినకపోతే అసోసియేషన్ ద్వారా రాతపూర్వకంగా చెప్పించండి. వాచ్‌మన్‌ను ముందుకు తోయకండి, ఫ్లాట్ ఓనర్‌ను గట్టిగా అడిగే స్థితిలో అతను ఉండడు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడనివాళ్లకు భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అలాగని పార్కులోకి కుక్కలే రాకూడదని బోర్డు పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. వేళలు పంచుకోవడం మంచిది.

కరిచింది

గీరుకున్నా సరే, ధార నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఇందుకు ఊరందరికీ తెలిసిన చోట్లు. చర్మం పొరలో వేసే రేబిస్ టీకా మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ (గాయం దగ్గర వేసే, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం, డాక్టర్‌ను అడగండి. కుక్క యజమాని టీకా కార్డు ఫొటో అప్పటికప్పుడే పంపాలి, పది రోజులు కుక్కను కనిపెట్టి ఉండాలి. ఆ పది రోజులు గడిచేదాకా టీకా మొదలుపెట్టకుండా ఆగకూడదు.