కణాల కొలతలు – 4వ పాఠం: హెచ్ మీద గీత

పోయిన పాఠంలో ప్రోటాన్ కాంప్టన్ తరంగదైర్ఘ్యం, అంటే దాని ద్రవ్యరాశిని బట్టి వచ్చే ఒక పొడవు, కట్టమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావాటిలో 0.21 ఫెర్మీ (ఫెర్మీ అంటే పికోమీటర్‌లో వెయ్యో వంతు) అని ఉంది. రావలసింది 1.32. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి చూడండి: 6.28, అంటే రెండు పైలు. ముందు ఇది తేలాలి.

సూత్రం మీకు తెలిసిందే: హెచ్‌ను, అంటే ప్లాంక్ స్థిరాంకాన్ని, కణం ద్రవ్యరాశి, కాంతివేగాల లబ్ధంతో భాగించాలి. నేను కిలోగ్రాముల జోలికి పోను. హెచ్‌ను కాంతివేగంతో గుణిస్తే 1239.84 ఎంఈవీ-ఫెర్మీ (ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్-వోల్టులు), దాన్ని కణం విరామశక్తితో, అంటే ద్రవ్యరాశిని కాంతివేగ వర్గంతో గుణిస్తే వచ్చే శక్తితో, భాగిస్తే చాలు. ఎలక్ట్రాన్‌కు 0.511తో భాగిస్తే 2426 ఫెర్మీలు, అంటే 2.426 పికోమీటర్లు. ప్రోటాన్‌కు 938.27తో. ఈ 1239.84ను కంఠస్థం చేయండి. 2019 నుంచి హెచ్, కాంతివేగం, ఎలక్ట్రాన్ ఆవేశం మూడూ కచ్చిత విలువలే కాబట్టి ఇందులో కొలత దోషం లేదు.

ఇక్కడ బెంగళూరులో మారతహళ్లి ఆదివారం తరగతికి వచ్చే ఒకమ్మాయి నోట్‌బుక్ చూశాను. మొదటి వరుసలో ఉత్త హెచ్. మూడో వరుసకు వచ్చేసరికి దాని మీద గీత పడింది, సంఖ్య 197.33 అయింది. ఎక్కడ మారిందో తనకే తెలియదు. గీత ఉన్న హెచ్ అంటే రెండు పైలతో భాగించిన హెచ్. దానితో వచ్చేది కూడా పనికొచ్చే పొడవే, కానీ వేరే పొడవు. ఎలక్ట్రాన్‌కు అది 0.386 పికోమీటర్లు.

ఏది ఎప్పుడు? 1923లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త కాంప్టన్ సుమారు 71 పికోమీటర్ల మాలిబ్డినం ఎక్స్-కిరణాలను గ్రాఫైట్ మీదికి పంపాడు. 90 డిగ్రీలు పక్కకు తిరిగిన కిరణాల తరంగదైర్ఘ్యం దాదాపు 2.4 పికోమీటర్లు పెరిగింది. గీత ఉన్న హెచ్ వేసి ఉంటే 0.39 మాత్రమే పెరగాలి; ప్రయోగం ఒప్పుకోదు. ఫోటాన్ ద్రవ్యవేగం అంటే హెచ్‌ను తరంగదైర్ఘ్యంతో భాగించగా వచ్చేది. అందులో పై లేదు, అందుకే జవాబులోనూ లేదు. తరంగదైర్ఘ్యాన్ని నేరుగా కొలిచే చోట గీత వద్దు.

బలం ఎంత దూరం పాకుతుంది, పరమాణువు ఎంత వెడల్పు అని అడిగితే గీత కావాలి. 1935లో జపాన్ భౌతిక శాస్త్రవేత్త యుకావా ఊహించిన కేంద్రక బలానికి హద్దు ఇలాగే వస్తుంది: ఆ బలాన్ని మోసే కణం, ఆవేశమున్న పయాన్‌కు 197.33ను 139.57తో భాగిస్తే 1.41 ఫెర్మీలు. ఎలక్ట్రాన్ 0.386ను 137.036తో (విద్యుత్ బలం ఎంతో చెప్పే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకానికి విలోమం ఇది) గుణించండి, హైడ్రోజన్ బోర్ వ్యాసార్ధం 52.9 పికోమీటర్లు దొరుకుతుంది. అదే 0.386ను 137.036తో భాగిస్తే 2.82 ఫెర్మీలు, ఎలక్ట్రాన్ సంప్రదాయ వ్యాసార్ధం. ఈ మూడు మెట్లూ నాకు చాలా ఇష్టం.

అభ్యాసం: ఎలక్ట్రాన్ లాంటిదే కానీ బరువైన కణం మ్యువాన్. దాని విరామశక్తి 105.66 ఎంఈవీ. దాని రెండు పొడవులూ కట్టండి. తర్వాత హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ బదులు మ్యువాన్‌ను పెట్టి బోర్ వ్యాసార్ధం కనుక్కోండి. ప్రోటాన్ కూడా కదులుతుంది, కాబట్టి రెంటి విరామశక్తుల లబ్ధాన్ని మొత్తంతో భాగించి ఆ విలువ వాడాలి. 285 ఫెర్మీల దగ్గరికి రాకపోతే గీత ఎక్కడ జారిందో వరుసవరుసకూ వెతకండి.