పాత స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్‌పై మోడల్ నంబరు చదవడం ఎలా?

పాత రివాల్వర్ చేతికి రాగానే చాలామంది బ్యారెల్ మీది అక్షరాలు చదివి అదే మోడల్ అనుకుంటారు. అక్కడ ఉండేది కంపెనీ పేరు, తూటా పేరు. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్లు మోడల్ నంబరును సిలిండర్ తెరిస్తే తప్ప కనబడని చోట కొట్టారు.

1. ముందు ఖాళీ చేయండి. గొట్టం ఎవరివైపూ లేకుండా, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, ఎడమ పక్క బొత్తాన్ని బొటనవేలితో ముందుకు నెట్టండి. సిలిండర్ ఎడమకు తెరుచుకుంటుంది. మధ్య కడ్డీ నొక్కి తూటాలు రాల్చాక ఒక్కో గదినీ కంటితో చూడండి.

2. సిలిండర్‌ను మోసే చేయిలాంటి ముక్కను యోక్ అంటారు. మూసినప్పుడు అది ఒదిగే చోట, ఫ్రేమ్ మీద ముద్ర వెతకండి. మసి పట్టి ఉంటే నూనె అద్దిన దూదిపుల్లతో తుడిచి, టార్చి వాలుగా వేయండి. ఎదురుగా వేస్తే మెరుపే తప్ప అక్షరం తేలదు. ఇనప బ్రష్షు, పాలిష్ జోలికి పోవద్దు. నల్లపూత పోతే విలువా పోతుంది.

3. 'మోడ్. 10-5' అని కనబడిందనుకోండి. 10 అంటే అంతకుముందు 'మిలిటరీ అండ్ పోలీస్' అనే పేరుతో పిలిచిన మోడల్. గీత తర్వాతి అంకె తయారీలో చేసిన మార్పుల వరుస. 10-2లో మధ్య కడ్డీ మీది మరచుట్లు ఎడమవాటానికి మారాయి. 10-5లో గురి చూసే ముందు సైటు మందం అంగుళంలో పదో వంతు నుంచి ఎనిమిదో వంతు అయింది. గీత అంకె పట్టించుకోకుండా కడ్డీని అలవాటు ప్రకారం అపసవ్యంగా తిప్పితే ఊడాల్సింది ఇంకా బిగుసుకుంటుంది, బలవంతం చేస్తే పాడవుతుంది. విడిభాగం కొనేటప్పుడు కూడా గీత అంకె చెప్పాల్సిందే. ఏ మోడల్ లెక్క ఆ మోడల్‌దే. 10-5కీ 19-5కీ సంబంధం లేదు. పెద్ద నంబరంటే పెద్ద తుపాకీ కూడా కాదు: మోడల్ 29 'పాయింట్ 44 మాగ్నమ్' తూటా వాడే పెద్ద తుపాకీ అయితే, మోడల్ 36 అరచేతిలో ఇమిడే చీఫ్స్ స్పెషల్.

4. 'మోడ్' అనే ముద్రే లేకపోతే నకిలీ అనుకోకండి. ఈ నంబర్లు వచ్చిందే 1957లో. అంతకుముందు అన్నీ పేర్లే. అప్పుడు మరలు లెక్కపెట్టండి. ఫ్రేమ్ పక్కన మూతలా ఉండే పలకకు నాలుగు (ఒకటి పిడి చెక్క కింద దాగి ఉంటుంది), ట్రిగ్గర్ గార్డు ముందు ఒకటి ఉంటే 1950ల మధ్యకు ముందుదన్నమాట.

5. యోక్ దగ్గరే ఇంకో అంకె కనబడుతుంది. అది ఫ్యాక్టరీలో ముక్కలు జత కలపడానికి వేసుకున్నది. దాన్ని సీరియల్ నంబరని రాసుకునేవాళ్లే ఎక్కువ. అసలు సీరియల్ పిడి అడుగున ఉంటుంది. పెద్ద చెక్క కప్పేస్తే దాని మర విప్పండి. పాతవాటిలో అదే అంకె సిలిండర్ వెనుక ముఖం మీద, బ్యారెల్ అడుగున కూడా ఉండాలి. లేకపోతే ఏదో ఒక భాగం మార్చారు.

సీరియల్ ముందు 'వి' ఉంటే రెండో ప్రపంచ యుద్ధకాలపు విక్టరీ మోడల్. బ్రిటన్‌కు పంపినవి పాయింట్ 38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాకు చేసినవి. తర్వాత చాలావాటి గదులను పాయింట్ 38 స్పెషల్ పట్టేలా లోతు చేశారు. స్పెషల్ తూటా తొడుగు కాస్త సన్నం కాబట్టి పేల్చినప్పుడు ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. బ్యారెల్ మీద ఏం రాసి ఉన్నా, గదులను తుపాకుల మెకానిక్ కొలిచేదాకా అందులో తూటా పెట్టకండి.