శ్రావణ శుక్రవారం హోర చూసి బయల్దేరే ముందు

హోర అంటే రోజులో ఒక్కో గ్రహానికి కేటాయించిన సుమారు గంట సమయం. రిజిస్ట్రేషన్ స్లాట్, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ హోర కోసం వదులుకోవద్దు. పోయిన స్లాట్ శుక్ర హోరలో తిరిగి రాదు.

హోర లెక్క ఉదయం 6 గంటల నుంచి కాదు, మీ ఊరి సూర్యోదయం నుంచి. శ్రీకాకుళానికీ హైదరాబాద్‌కీ సుమారు 20 నిమిషాల తేడా. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఇక్కడి క్యాలెండర్ అసలే పనికిరాదు.

హోర బాగున్నా రాహుకాలం చూడండి. 6కి సూర్యోదయమైతే శుక్రవారం గురు హోర 10 నుంచి 11 వరకు. రాహుకాలం 10:30కే మొదలు. చేతిలో మిగిలేది అరగంట. బంగారం కొనేవాళ్లకు మధ్యాహ్నం 1 నుంచి 2 వరకు ఉండే శుక్ర హోరే నయం, భోజనం ముందే కానిచ్చేయండి.

శుక్రవారం తెల్లవారుజామున 5 అంటే ఇంకా సూర్యోదయం కాలేదు కాబట్టి పంచాంగానికి గురువారమే.

రెండు యాప్‌లు కలిపి చూడొద్దు. ఒకటి హోరకు గంట చొప్పున లెక్కిస్తుంది, ఇంకోటి పగటిని 12 భాగాలు చేస్తుంది.