ఒడిశాలోని బరంపురంలో షాపు అద్దెకు తీసుకునే ముందు

షాపు చూడడానికి ఉదయం 11 గంటలకు వెళ్ళకండి. అది యజమానికి అనువైన వేళ. సాయంత్రం 7 గంటలకు వెళ్ళి, ఎదురుగా టీ కొట్టులో అరగంట కూర్చోండి. దారిన పోయేవాళ్ళను కాదు, షాపుల్లోంచి చేతిలో సంచితో బయటికి వచ్చేవాళ్ళను లెక్కపెట్టండి. వాళ్ళకన్నా పార్సెళ్ళు మోసే డెలివరీ కుర్రాళ్ళే ఎక్కువ కనిపిస్తే, ఆ వీధివాళ్ళు బట్టలు, ఫోన్లు ఇంటికే తెప్పించుకుంటున్నారన్నమాట. అక్కడ బట్టల షాపు వద్దు. క్షౌరశాల, దర్జీ, పళ్ళ డాక్టరు పార్సెల్లో రారు కదా, వాటికైతే ఆ అద్దె గిట్టుతుంది.

తరువాత చుట్టుపక్కల ఎవరున్నారో చూడండి. మా గంజాం జిల్లా మగవాళ్ళు చాలామంది సూరత్ మరమగ్గాల మీద ఉంటారు. ఇక్కడ సరుకులకు, మందులకు బజారుకు వచ్చేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. అందుకే అద్దె సగానికి వచ్చినా మేడమీది గది మందుల షాపుకు దండగ. కోచింగ్ సెంటరుకైతే భేషుగ్గా ఉంటుంది. ఎం.కె.సి.జి. వైద్య కళాశాల దగ్గర రోగుల బంధువులకు భోజనం, గది కావాలి, పట్టుచీర ఎవరడుగుతారు?

పర్లాకిమిడిలో అయితే సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం వైపునుంచి వచ్చే బేరం కూడా ఉంటుంది. బోర్డు ఒడియాతోపాటు తెలుగులోనూ రాయించండి.

ఇక కాగితాలు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అందరూ 11 నెలలకే రాస్తారు. అరలకు, అద్దాలకు లక్షలు పోసేవాళ్ళకు ఆ కాగితం చాలదు. యజమాని నసిగినా ఎక్కువ ఏళ్ళకు రిజిస్టరు చేయించండి. జీఎస్టీ వర్తిస్తే ఆ 18 శాతం అద్దెలోనా, అద్దె పైనా అన్నది కూడా రాయించండి.